వదినగారి ప్రార్థనకు జవాబు

రెండేళ్ల క్రితం ఒక గురువారం మధ్యాహ్నం మా వదినగారు నా కోసం ప్రార్థన చేశారు. ఆవిడ మా ఆయనకి పెద్దక్క. ఏలూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. మా చర్చి సంఘం స్త్రీల కూడిక ప్రతి గురువారం వాళ్ల హాల్లోనే జరుగుతుంది. ఆ రోజు అందరూ చాపల మీద కూర్చున్నారు. నేను మోకాళ్లు మడవలేక గోడ పక్కన కుర్చీ వేసుకున్నాను. అందువల్ల అందరికంటే ఎత్తుగా, అందరికీ కనబడేలా ఉన్నాను.

ఒకావిడ కొడుకు ఉద్యోగం కోసం అడిగారు. ఇంకొకావిడ కంటి ఆపరేషన్ కోసం అడిగారు. అందరూ అయ్యాక వదినగారు కళ్లు మూసుకునే, మెత్తగా అన్నారు.

"మా మరదల్ని కూడా జ్ఞాపకం చేసుకోండమ్మా. పాపం, తనకి వంటింటి మీద కాస్త మనసు కలగాలని. మా తమ్ముడు తన ఇంట్లో వేళకి ఇంత వేడన్నం తినే రోజు రావాలని."

అందరి తలలూ వంగాయి. ఆఖర్న అందరూ ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ నేనూ అన్నాను. ఆ ఒక్క మాట అన్నందుకు నన్ను నేనే ఇప్పటికీ క్షమించుకోలేదు. ఇంక ఆవిడ సంగతి చెప్పక్కర్లేదు. పగ దేవుడికి వదిలెయ్యాలని చిన్నప్పట్నుంచి వింటూనే ఉన్నాను. వదిలేద్దామనే అనుకున్నాను. ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం, ఇది దేవుడి దాకా తీసుకెళ్లేంత పెద్ద విషయం కాదు, నేనే చూసుకుంటాను అనుకున్నాను.

అప్పటికి నాకు జబ్బు చేసి రెండేళ్లయింది. వట్లూరులో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మొదట చాక్‌పీసు వేళ్ల మధ్య నిలవడం మానేసింది. పొద్దున్న లేచేసరికి వేళ్లు కర్రల్లా ఉండేవి. బ్రష్ మీద పేస్టు నొక్కడానికి రెండు అరచేతులూ కావాల్సి వచ్చేది. రుమటాయిడ్ అని డాక్టరు తేల్చేసరికి చాలా నెలలు పట్టింది. "మన ఒంటికి కాపలా కాయాల్సిందే మన కీళ్ల మీద పడుతోందమ్మా" అన్నారాయన. పోతుందా అని అడిగితే, అదుపులో ఉంటుందన్నారు.

నొప్పిని ఎలాగో భరించవచ్చు. భరించలేనిది అలసట. అందరికీ తెలిసిన అలసట పని చేశాక వస్తుంది. ఇది పనికంటే ముందే వచ్చి కూర్చుంటుంది. స్నానం చేసి తల తుడుచుకుందామని మంచం మీద కూలబడితే, తువ్వాలు చేతిలో అలాగే ఉండి అరగంట గడిచిపోయేది. పైకి మాత్రం ఏమీ కనబడేది కాదు. రంగు తగ్గలేదు, ఒళ్లు తగ్గలేదు. బాగానే కనబడుతూ పని చేయని ఆడదానికి మా వైపు ఒకటే పేరు. స్కూలు మానేశాక ఆ పేరు నాకు స్థిరపడిపోయింది.

వదినగారి పేరు దానికి పూర్తిగా ఎదురు. మా సంఘంలో ఏ విందయినా ఆవిడ గరిటె పట్టాల్సిందే. గోంగూర రొయ్యలు, వేటమాంసం పులుసు, నాలుగిళ్లకి సరిపడా ఆవకాయ అన్నీ ఆవిడ చేతి మీదే. కూర మీద నూనె తేలకపోతే అది ఆవిడ లెక్కలో కూర కాదు. పొద్దున్న అయిదింటికి పొయ్యి దగ్గర నిలబడితే మళ్లీ కూర్చున్నప్పుడు ఎవరూ చూసి ఉండరు.

మా ఆయన పెదవేగి వైపు పామాయిల్ నర్సరీలో సూపర్‌వైజరు. రోజూ ఎనిమిదింటికి బండి మీద వెళ్తూ అక్కగారి గేటు ముందు ఆగేవారు. ఆవిడ నాలుగు గిన్నెల కారియర్ పట్టుకుని రోడ్డు మీదికే వచ్చి ఇచ్చేవారు. ఎదురింటివాళ్లు చూసేవారు, ఇస్త్రీ బండి ఆయన చూసేవాడు. "ఇంట్లో ఏముందో ఏం లేదో అని కట్టానండీ" అని ఎవరూ అడక్కుండానే చెప్పేవారట. సాయంత్రం ఆ కారియర్ మా ఇంటికొచ్చేది. దాని క్లిప్పు గట్టిది. ఆ వాచిన వేళ్లతో నేను ఆ క్లిప్పు ఊడదీసి, ఆవిడ నూనె జిడ్డు వేడి నీళ్లతో కడిగి, తుడిచి, మర్నాటికి సిద్ధంగా పెట్టేదాన్ని. మనల్ని నలుగురిలో చిన్నబుచ్చిన వాళ్ల గిన్నెలు రోజూ తోమితే ఒంట్లో ఏం పేరుకుంటుందో తోమినవాళ్లకే తెలుస్తుంది.

ఒకరోజు ఆవిడ చెప్పకుండా వచ్చారు. నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని తోటకూర కత్తెరతో కత్తిరిస్తున్నాను. కత్తి పట్టు దొరకదు నాకు. కత్తెర అయితే అరచేత్తో నొక్కితే చాలు.

"కూర కత్తెరతో కోసేవాళ్లని ఇదే చూడ్డం. బట్టలు కత్తిపీటతో కోస్తావా ఏంటమ్మా?" అన్నారు నవ్వుతూ.

నేనూ నవ్వాను. ఆదివారానికి ఆ మాట చర్చి అంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది.

ప్రార్థన అయిన పై వారమే మొదటిసారి పగ తీర్చుకోబోయి దెబ్బ తిన్నాను. నేను పుట్టింది కొల్లేరు ఒడ్డున ఒక లంక ఊళ్లో. చేపల పులుసులో మా అమ్మ చెయ్యి నాకు వచ్చిందని పెళ్లికి ముందు అందరూ అనేవారు. అందుకని ఆదివారం వదినగార్ని, అన్నయ్యగార్ని, అంటే ఆవిడ భర్తని, భోజనానికి పిలిచాను. కైకలూరు వైపు నుంచి బతికున్న కొర్రమీను తెప్పించాను. శుభ్రం చేసి ఇస్తానని తెచ్చినావిడ అంటే వద్దన్నాను. బూడిద వేసి నేనే రుద్దాను. చింతపండు నేనే పిసికాను. మసాలా రోట్లో నూరాను. మూడు గంటలు నిలబడ్డాను. పులుసు ఎర్రగా, చిక్కగా, నేను కోరుకున్నట్టే దిగింది.

వదినగారు రెండుసార్లు వడ్డించుకున్నారు. చెయ్యి కడుక్కుంటూ అన్నారు. "బావుందమ్మా. చేప మంచిది దొరికింది."

చేపది గొప్పతనం. నాది కాదు.

సోమవారం పొద్దున్న నేను మంచం దిగలేదు. మంగళవారం గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లాను. గురువారం దాకా అంతే. ఆ నాలుగు రోజులూ కారియర్ రెండు పూటలా వచ్చింది. ఒక్కపూట వండి నాలుగు రోజులు పడుకుందని ఆ వారం కూడికలో చెప్పుకున్నారని తర్వాత తెలిసింది.

పడుకుని సీలింగ్ ఫ్యాన్ చూస్తూ ఆలోచించాను. ఆవిడ ఆట ఆవిడ పొయ్యి మీద ఆడితే నేను ఎప్పటికీ ఓడిపోతాను. పగ తీర్చుకోవడానికీ ఓపిక కావాలి. ఉన్న ఓపికకి సరిపడే పగే పెట్టుకోవాలి. నాకు రోజులో దక్కేది గంటన్నర. పొద్దుటి బిగువు వదిలాక పదిన్నరకి మొదలై, అలసట మళ్లీ కమ్ముకునే పన్నెండు దాకా. ఆ గంటన్నరలో ఏం వండగలనో అదే నా ఆయుధం.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ ఇంకా లంకలోనే మా తమ్ముడి దగ్గర ఉంటుంది. నా గొడవంతా వింది.

"నీళ్లొచ్చినప్పుడు మనమేం తినేవాళ్లమే?" అంది చివరికి.

నీళ్లంటే కొల్లేరు పొంగడం. నా చిన్నప్పుడు వాన గట్టిగా పడితే ఇంట్లోకి మోకాలి లోతు వచ్చేది. అప్పుడు మంచం మీద ఇటుకలు పేర్చి, దాని మీద కిరసనాయిలు స్టవ్ పెట్టేది అమ్మ. ఒక్కటే స్టవ్, ఒక్కటే గిన్నె. అందులో గుప్పెడు బియ్యం, గుప్పెడు పెసరపప్పు, అందిన ఆకుకూర, ముందే వేయించి డబ్బాలో పోసుకున్న ఎండు రొయ్యల పొడి. పోపు లేదు, నూరడం లేదు. మేం నలుగురం మంచం మీదే కాళ్లు ముడుచుకుని తినేవాళ్లం.

"అది తిని ఎవరం నీరసపడ్డామే? నిలబడ్డానికి చోటే లేదు గదా, నేను కూర్చునే వండేదాన్ని. నీకూ ఇప్పుడు నీళ్లొచ్చినట్టే అనుకో" అంది అమ్మ.

ఆ మాట పట్టుకుని వంటిల్లు మార్చాను. స్టవ్ పక్కకి ఎత్తు స్టూలు వచ్చింది. పెద్ద కుక్కరు అటకెక్కింది. రెండు వైపులా పిడులున్న చిన్న కుక్కరు స్టవ్ మీదే ఉండిపోయింది. దాన్ని ఎత్తడం లేదు, మగ్గుతో అందులోకే నీళ్లు పోయడం, అందులోంచే వడ్డించడం. చింతపండు నానబెట్టి వారానికోసారి మిక్సీలో తిప్పి, వడగట్టి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టడం. మునగాకు రెమ్మల్ని రాత్రి పాత చీర ముక్కలో మూట కడితే పొద్దుటికి ఆకులు వాటంతటవే రాలి ఉంటాయి. మూట దులిపితే పుల్లలు ఒక పక్క, ఆకు ఒక పక్క. దూసే పని లేదు. వెల్లుల్లి వలవకుండా అరచేత్తో అప్పడాల కర్ర నొక్కి చితక్కొట్టడం. ఇవన్నీ ఒక్కరోజులో తట్టినవి కావు. ఒక్కొక్కటీ ఏదో ఒక పని చెయ్యలేక ఏడ్చిన రోజున దొరికింది.

బాగాలేని రోజుకి ఒక వంట, కాస్త బాగున్న రోజుకి ఒక వంట అని రెండుగా పెట్టుకున్నాను. బాగున్న రోజున పులగం. బియ్యం, పెసరపప్పు, మునగాకు, మిరియాలు, ఎండు రొయ్యల పొడి అన్నీ ఒకేసారి వేసి మూడు విజిల్స్. మూత తీస్తే ముందు మిరియం వాసన, దాని వెనకే రొయ్య వాసన వచ్చేవి. పక్కన ఉడికిన గుడ్డు సగానికి కోసి పెట్టడమే. ఇంకో రోజున ఆనపకాయ ముక్కలు పాలు పోసి మగ్గించడం. బాగాలేని రోజున రాగి జావలో మజ్జిగ కలుపుకుని, వేయించిన వాము నలిపి వేసుకుని తాగడం. అన్నింటికంటే బాగా కుదిరింది పెసరకట్టు. ఉడికిన పెసరపప్పు మీది పల్చటి చారు, అల్లం, జీలకర్ర, కరివేపాకు, ఒక్క చెంచా నెయ్యి. తాగుతుంటే గొంతులోంచి వేళ్ల చివర్ల దాకా వెచ్చగా దిగుతున్నట్టుండేది. ఇలా మూడు వారాలు వేళకి తిన్నాక జబ్బు తగ్గలేదు గానీ, పన్నెండుకి కూలబడేదాన్ని ఒంటిగంట దాకా కూర్చోగలిగాను. ఆ గంట నాకు ఎవరో లాక్కున్నది తిరిగి తెచ్చుకున్నట్టు అనిపించింది.

అప్పుడు మా ఆయనతో చెప్పాను. "రేపట్నుంచి ఆ కారియర్ తేకండి. బాక్సు ఇక్కడే కడతాను. అన్నీ ముందు రోజే కొలిచి పెట్టుకుంటే పొద్దున్న స్టవ్ వెలిగించడమే పని."

"అక్క బాధపడుద్ది."

"పడనివ్వండి."

ఆయన నా మొహంలోకి చూశారు. మంచి మనిషే, కానీ అక్క మాటకి ఎదురు చెప్పిన అలవాటు లేదు. మర్నాడు నా బాక్సు బండి డిక్కీలో పెట్టుకుని వెళ్లి, అక్క దగ్గర కారియర్ కూడా తీసుకున్నారు. సాయంత్రం రెండూ తెచ్చారు. నా బాక్సు ఖాళీగా ఉంది. కారియర్‌లో సగం మిగిలింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఉప్పు కొంచెం తక్కువ" అన్నారు. ఆ తర్వాత, "రోజూలా మధ్యాహ్నం నిద్ర ముంచుకు రాలేదు" అన్నారు. నాకు అది చాలింది.

వదినగారి కారియర్ కడిగాను. ఈసారి ఖాళీగా పంపలేదు. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మా అమ్మ నేర్పింది. మర్యాద వెనక పగ దాక్కోడానికి చాలా చోటుంటుంది. పైగిన్నెలో పెసరకట్టు, దాని కింద మునగాకు పులగం, దాని కింద పాలు పోసిన ఆనపకాయ కూర. ఇవి ఎవరి నోటికి పడతాయో నాకు బాగా తెలుసు.

అన్నయ్యగారు హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరయ్యారు. షుగరుంది, గుండెల్లో మంట ఉంది. నూనె తగ్గించమని డాక్టరు చెప్తే, "ఆ డాక్టర్లు అలాగే అంటారులెండి" అని వదినగారు ఇంకో గరిటె పోసే మనిషి. ఆయన ఎన్నడూ వద్దనలేదు. నెమ్మదస్తుడు. తిని, మజ్జిగ తాగి, గుండె మీద చెయ్యేసుకుని వరండాలో కూర్చునేవారు.

నాలుగో రోజు పొద్దున్నే గ్రౌండ్‌లో నడక అయ్యాక ఇంటికెళ్తూ స్కూటర్ మా గేటు ముందు ఆపారు.

"అమ్మాయ్, ఆ పెసరకట్టు ఏమన్నా ఉందా?"

వంటింట్లోనే కుర్చీ వేశాను. గ్లాసులో పోసి ఇస్తే ఊదుకుంటూ తాగారు. రెండో గ్లాసు కూడా. తర్వాత పులగం. లేచేటప్పుడు అన్నారు. "మీ వదినకి చెప్పకమ్మా."

"నేనెందుకు చెప్తానండీ?" అన్నాను.

చెప్పలేదు. ఆయన వెళ్లేటప్పుడు ఒక స్టీలు గిన్నెలో మిగిలింది పోసి, "సాయంత్రానికి ఉంచుకోండి అన్నయ్యగారూ" అని చేతికిచ్చాను. ఆ గిన్నె అంచు మీద నా పేరు చెక్కించి ఉంది, పెళ్లిలో మా మేనత్త పెట్టింది. ఇంట్లో పేరు లేని గిన్నెలు కూడా ఉన్నాయి. వెతికి మరీ పేరున్నదే తీశాను. రెండో రోజూ అంతే. వారం తిరిగేసరికి నా పేరున్న గిన్నెలు నాలుగు వదినగారి వంటింట్లో చేరాయి.

ఎనిమిదో రోజున ఆవిడ ఆ నాలుగూ ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని వచ్చారు. బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టారు. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు, కోపం వచ్చినప్పుడు ఇంకా తగ్గుతుంది గొంతు.

"ముప్ఫై ఎనిమిదేళ్లుగా వండి పెడుతున్నానమ్మా ఆయనకి. ఇవాళ నా వంట చేదైందా?"

"నేనట్లా అనలేదండీ. ఆయనే వచ్చి అడిగారు."

"అడిగితే పెట్టేయడమేనా? ఒక మాట నాకు చెప్పక్కర్లేదా?"

"చెప్పొద్దన్నారండి."

ఆవిడ మొహం ఎర్రబడింది. స్టూలు వైపు, చిన్న కుక్కరు వైపు చూశారు. "ఇదా వంట? కూర్చుని, అన్నీ ఒకదాంట్లో పడేసి. రోగులకి పెట్టేది."

"రోగినే కదండీ" అన్నాను.

అప్పుడు ఆ మాట నా నోటికి వచ్చింది. ముందుగా అనుకున్నది కాదు. స్టూలు మీద కూర్చునే, ఆవిడ ప్రార్థన చేసేటప్పుడు పెట్టినంత మెత్తగా గొంతు పెట్టి అన్నాను.

"అయినా ప్రార్థన చేయించింది మీరే కదండీ వదినగారూ. నాకు వంటింటి మీద మనసు కలగాలని. కలిగింది. మీ తమ్ముడు వేళకి వేడన్నం తింటున్నారు, అన్నయ్యగారు కూడా తింటున్నారు. దేవుడు జవాబిచ్చాక నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పాలి కదండీ. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆవిడ గుమ్మం వైపు తిరిగారు. గిన్నెలు వదిలేసి వెళ్లిపోయారు.

పది రోజుల తర్వాత తాడేపల్లిగూడెంలో వదినగారి అమ్మాయి కొత్తింటి ప్రతిష్ఠ. స్త్రీల కూడిక అంతా వ్యాన్ కట్టించుకుని వచ్చింది. నేనూ మా ఆయనా రైల్లో వెళ్లాం. ముందు రోజంతా పడుకుని, ఓపిక దాచుకుని వెళ్లాను. హాల్లో కొత్త సున్నం వాసన, పెరట్లోంచి బిర్యానీ వాసన కలిసిపోయి ఉన్నాయి. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్లుంటే చెప్పొచ్చన్నారు.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, ఆయనకి తెలిసిపోయింది. నేను ఆ చేతినే ఊతం చేసుకుని లేచాను.

"మా వదినగారికి వందనాలు చెప్పాలండి" అన్నాను. "నాకు జబ్బని అందరికీ తెలుసో లేదో తెలీదు. చేతులు పని చెయ్యవు, ఒంట్లో సత్తువ ఉండదు. వంటింటి మీద మనసు లేదనుకున్నారు అందరూ. వదినగారు ఒక గురువారం మీ అందరిచేతా నా కోసం ప్రార్థన చేయించారు. ఆ ప్రార్థన నెరవేరింది. ఇప్పుడు నేను కూర్చుని వండుతున్నాను. కూర కత్తెరతో కోస్తున్నాను. మా అన్నయ్యగారు రోజూ పొద్దున్న మా ఇంట్లోనే తింటున్నారు. గుండెల్లో మంట తగ్గిందని ఆయనే చెప్పారు. ఇదంతా వదినగారి ప్రార్థన వల్లే."

కూర్చున్నాను. ఎవరో ముసలావిడ మనస్ఫూర్తిగా "స్తోత్రం" అన్నారు. కూడికలో ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. అన్నయ్యగారు తలొంచుకుని తన పాదాలు చూసుకుంటున్నారు. వదినగారు గుమ్మం దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఉన్నారు. పాస్టరుగారు కూడా ఆవిడ వైపు తిరిగి, "మంచి ప్రార్థన చేశారమ్మా" అన్నారు. ఆవిడ తలూపాల్సి వచ్చింది.

భోజనాల దగ్గర అయిదారుగురు నా చుట్టూ చేరారు. ఒకావిడకి థైరాయిడ్, ఒకావిడకి నడుము. మునగాకు మూట సంగతి, చింతపండు సీసా సంగతి అడిగి అడిగి చెప్పించుకున్నారు. వాళ్ల విస్తళ్లలో బిర్యానీ చల్లారిపోయింది. నేను అది కూడా చూసి సంతోషించాను.

చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్తే వదినగారు బిర్యానీ వండిన పెద్ద డేగిసా దగ్గర ఒంటరిగా ఉన్నారు. అందరూ తినేశారు, ఆవిడ ఇంకా తినలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకోవడం వల్ల పాదాలు కనబడుతున్నాయి. మడమల దగ్గర బాగా వాచి ఉన్నాయి.

నా వైపు చూడకుండానే అడిగారు. "తృప్తిగా ఉందా?"

"ఉందండి" అన్నాను. నిజమే చెప్పాను.

ఆవిడ డేగిసా అడుగు గీకుతూ ఉన్నారు. "పన్నెండేళ్లప్పుడు మా అమ్మ పోయింది. నా వెనక నలుగురు, మీ ఆయనకి అప్పుడు రెండేళ్లు. ఆ రోజు పొయ్యి దగ్గర నిలబడ్డాను, ఇప్పటిదాకా నిలబడే ఉన్నాను. కూర్చోవే అన్నవాళ్లు లేరు. నువ్వు స్టూలు మీద కూర్చుని వండుతుంటే చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకో నాకే తెలీదు."

పక్కనే రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఒకటి ఆవిడ వైపు జరిపి కూర్చోమంటే సరిపోయేది. జరపలేదు. చెయ్యి కడుక్కుని లోపలికి వచ్చేశాను. రైల్లో వస్తుంటే ఆ కుర్చీ గుర్తొచ్చింది. నా వేళ్లు బాగాలేవు కాబట్టి జరపలేదని నాకు నేను చెప్పుకున్నాను. ప్లాస్టిక్ కుర్చీ అది, కాలితో నెట్టినా జరిగేది.

ఆ ప్రయాణం నన్ను అయిదు రోజులు పడుకోబెట్టింది. ఈసారి కారియర్ రాలేదు. మా ఆయన నేను మంచం మీంచి చెప్తుంటే కుక్కర్లో పప్పూ బియ్యం పడేసి అయిదు విజిల్స్ రానిచ్చారు. అది జిగురులా అయింది. ఇద్దరం తిన్నాం. తింటూ ఆయన ఒకే మాట అన్నారు. "అంత మందిలో చెప్పాలా?"

"ఆవిడ ఎంతమందిలో చెప్పారు?" అన్నాను.

ఆయన లేచి కుక్కరు కడగడానికి వెళ్లారు.

రెండు నెలలు ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. గురువారం కూడికకి నేను మానేశాను. అన్నయ్యగారి స్కూటర్ మా వీధిలోకి రావడం ఆగిపోయింది. అది ఒక్కటే నాకు వెలితిగా ఉండేది. పొద్దున్నే పెసరకట్టు కాచినప్పుడల్లా ఒక గ్లాసు ఎక్కువే కాచి, మధ్యాహ్నం నేనే తాగేదాన్ని.

తర్వాత ఒక రోజు పదకొండింటికి ఆయన ఫోన్ చేశారు.

"అమ్మాయ్, గ్లాసు పెసరపప్పుకి నీళ్లెన్ని?"

"ఎవరు కాస్తున్నారండీ?"

"నేనే. స్టవ్ ముందు కుర్చీ వేసుకున్నాను."

జీవితంలో పొయ్యి వెలిగించని మనిషి. ఆవిడ వంటింట్లో, ఆవిడ చూస్తుండగా కుర్చీ వేసుకుని కాస్తున్నారు. ఇంతకంటే పెద్ద దెబ్బ నేను వెయ్యగలిగేదాన్ని కాదు. నేను అన్నీ వివరంగా, కాస్త గట్టిగానే చెప్పాను, ఫోన్ స్పీకర్లో ఉందని తెలుసు కాబట్టి. నీళ్లు ఆరు గ్లాసులు, మంట తగ్గించి పెట్టాలి, అల్లం దంచి వెయ్యాలి. వెనక నుంచి వదినగారి గొంతు వినిపించింది. "పసుపు ఎప్పుడెయ్యాలో అడగండి."

"మొదట్లోనే వెయ్యమనండి అన్నయ్యగారూ. చిటికెడు" అన్నాను. ఆవిడకి నేరుగా చెప్పలేదు. ఆవిడా నేరుగా అడగలేదు.

ఇప్పుడు ఆయన వారానికి రెండు మూడుసార్లు ఫోన్ చేస్తారు. కాస్తున్నారట, ఆవిడ కూడా ఒక గ్లాసు తాగుతున్నారట. కూడికలో మాత్రం, తన ప్రార్థన వల్లే మరదలు బాగుపడిందని ఆవిడ చెప్పుకుంటున్నారని విన్నాను. చెప్పుకోనివ్వండి. నేను బాగుపడలేదు. ఇవాళ పొద్దున్న కూడా పాల ప్యాకెట్ పళ్లతో చింపాను.

"అన్నీ నువ్వు చెప్పినట్టే చేస్తున్నామమ్మా. నీ కట్టులో ఉండే చిక్కదనం, ఆ చిన్న పులుపు మాత్రం రావట్లేదు" అన్నారు అన్నయ్యగారు మొన్న.

రాదు. కొల్లేరు పొంగినప్పుడు మంచినీళ్లు దొరక్క మా అమ్మ బియ్యం రెండోసారి కడిగిన నీళ్లు పారబొయ్యకుండా మర్నాటికి ఉంచి, కాస్త పులిశాక వాటితోనే పప్పు ఉడికించేది. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. ఆ సంగతి అన్నయ్యగారికి చెప్పలేదు. వదినగారు మా గుమ్మంలోకి వచ్చి, తన నోటితో అడిగితే చెప్తాను.